వీసా సరే... స్థిరపడేదెప్పుడు?

ఒకప్పుడు ఇంజినీరింగ్ చదివిన అబ్బాయి ఉన్న ఇంట్లోనే విదేశాల కబుర్లు వినిపించేవి. ఇప్పుడు నర్సింగ్ చదివిన అమ్మాయి ఉన్న ఇంట్లోనూ అవే కబుర్లు. 'మీ అమ్మాయి లండన్ వెళ్తోందటగా వదినా', 'మా చెల్లెలి కోడలు జర్మన్ నేర్చుకుంటోంది పిన్నీ'... పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఇలాంటి మాటలు మామూలైపోయాయి. అందులో ఆశ్చర్యమేమీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో విడుదల చేసిన నివేదిక ప్రకారం 2023 నాటికి ప్రపంచం మొత్తమ్మీద 2 కోట్ల 98 లక్షల మంది నర్సులున్నారు. ఇంకా 58 లక్షల మంది కావాలి. ఉన్నవారిలోనూ ప్రతి ఏడుగురిలో ఒకరు పుట్టిన దేశం వదిలి వేరేచోట పనిచేస్తున్నవారే.

గిరాకీ ఉంది కాబట్టి దారులూ ఉన్నాయి. అయితే ఆ దారి పట్టే కుటుంబాలు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే- 'ఏ దేశం వీసా త్వరగా వస్తుంది?' నాలుగేళ్లు ఉండి నాలుగు డబ్బులు వెనకేసుకుని తిరిగొచ్చేవారికి ఆ ప్రశ్న చాలు. భర్తనీ పిల్లల్నీ తీసుకెళ్లి అక్కడే స్థిరపడాలనుకునేవారికి చాలదు. వారు అడగాల్సినవి ఇంకో రెండు. ఉద్యోగం పోయినా ఆ దేశంలో ఉండే హక్కు ఏ రోజున వస్తుంది? ఆ రోజు రాకముందే ఉద్యోగం పోతే కుటుంబం సంగతేమిటి? త్వరగా వీసా ఇచ్చే దేశమే త్వరగా స్థిరపడనిస్తుందని లేదు. కొన్నిసార్లు ఆ రెండూ ఎడమొహం పెడమొహంగా ఉంటాయి.

మూడు గడపలు

విదేశంలో స్థిరపడాలనుకునే నర్సు మూడు గడపలు దాటాలి. మొదటిది రిజిస్ట్రేషన్. ఇక్కడి బీఎస్సీ నర్సింగ్ పట్టా, కౌన్సిల్ ఇచ్చిన నంబరు విమానం ఎక్కగానే చెల్లిపోవు. ఏ దేశానికి వెళ్తే ఆ దేశపు నర్సింగ్ మండలి పట్టా పరిశీలించి, భాష పరీక్ష అడిగి, వృత్తి పరీక్ష పెట్టి, 'ఈమె మా దగ్గర నర్సుగా పనిచేయవచ్చు' అనాలి. రెండోది పనిచేసుకునే వీసా. అది ఇచ్చేది ఆ దేశపు వలసల శాఖ. మూడోది శాశ్వత నివాసం.

ఈ మూడూ మూడు వేర్వేరు కార్యాలయాల పని. ఒకరి మాట ఇంకొకరికి వర్తించదు. రిజిస్ట్రేషన్ వచ్చినంత మాత్రాన వీసా రావాలని లేదు. వీసా ఉన్నంత మాత్రాన శాశ్వత నివాసం వస్తుందనీ లేదు. ఈ గడపలు ఏ వరసలో వస్తాయన్నది కూడా దేశాన్ని బట్టి మారుతుంది. అసలు తేడా అంతా అక్కడే.

అమెరికా: తిన్నగా గ్రీన్‌కార్డు, పొడవాటి వరస

అమెరికా దారి మిగతావాటికి భిన్నం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు తెలిసిన హెచ్1బీ మామూలు నర్సు ఉద్యోగానికి సాధారణంగా పనికిరాదు. ఆ వీసాకు ఉద్యోగం కనీసం డిగ్రీ అర్హత కోరేదై ఉండాలి. అమెరికాలో రెండు మూడేళ్ల అసోసియేట్ డిగ్రీతోనూ రిజిస్టర్డ్ నర్సు కావచ్చు. అందుకే నర్సులు నేరుగా గ్రీన్‌కార్డుకే వెళ్తారు. ఈబీ-3 అనే విభాగంలో ఆసుపత్రి తరఫున పిటిషన్ పడుతుంది. మామూలుగా అయితే 'ఈ ఉద్యోగానికి స్థానికులు దొరకలేదు' అని యజమాని కార్మిక శాఖ దగ్గర నిరూపించుకోవాలి. నర్సులు, ఫిజియోథెరపిస్టుల కొరత ఉందని ప్రభుత్వమే ముందుగా ఒప్పుకుని 'షెడ్యూల్ ఎ' జాబితాలో పెట్టింది కాబట్టి వీరికి ఆ మెట్టు ఉండదు.

దీనికి ఎన్‌క్లెక్స్ పరీక్ష ప్యాసవ్వాలి. ఇంగ్లిష్ పరీక్షలో మార్కులు రావాలి. చదువునూ లైసెన్సునూ పరిశీలించి ఇచ్చే వీసాస్క్రీన్ ధ్రువపత్రం తెచ్చుకోవాలి. దీన్నిచ్చే సీజీఎఫ్‌ఎన్‌ఎస్ సంస్థ 2025లో ట్రూమెరిట్‌గా పేరు మార్చుకుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా వరసలో. ఉద్యోగాల కోటాలో అమెరికా ఏడాదికి ఇచ్చే గ్రీన్‌కార్డులు సుమారు 1,40,000. భర్త లేదా భార్య, పిల్లల కార్డులు కూడా ఆ లెక్కలోవే. ఒక్కో దేశానికి 7 శాతానికి మించి ఇవ్వకూడదన్నది నియమం. మన దేశం నుంచి దరఖాస్తులు లెక్కకు మిక్కిలి. ఫలితంగా 2025 చివర్లో ఈబీ-3లో భారతీయుల వంతు 2013 దగ్గర ఉంది. అంటే 2013లో పిటిషన్ వేసినవారిని అప్పుడు పిలుస్తున్నారన్నమాట. ఆనాడు మూడేళ్ల పాపాయి ఉన్న తల్లికి పిలుపు వచ్చేసరికి ఆ పాప పదో తరగతి పరీక్షలకు చదువుతుంటుంది. పిల్లలకు 21 ఏళ్లు నిండితే, చట్టంలో ఉన్న కొద్దిపాటి సడలింపు పోను, తల్లి కార్డుతో వారికి కార్డు రాదు.

ఈ వరస ఎప్పుడూ ఇలాగే లేదు. 2005లో అమెరికా చట్టసభ షెడ్యూల్ ఎ కింద వచ్చేవారి కోసం 50,000 వీసాలు ప్రత్యేకంగా కేటాయించింది. 2006 చివరికల్లా అవి అయిపోయాయి. 'మా పెద్దక్క ఏడాదిన్నరలో వెళ్లిపోయింది కదా' అని ఎవరైనా అంటే, అక్క వెళ్లిన సంవత్సరమేదో అడగాలి.

చాలామందికి తెలియని సంగతి ఇంకోటుంది. ఏ దేశం కోటా అన్నది పాస్‌పోర్టును బట్టి కాదు, పుట్టిన చోటును బట్టి తేలుతుంది. తల్లిదండ్రులు కువైట్‌లో పనిచేస్తున్నప్పుడు అక్కడి ఆసుపత్రిలో పుట్టిన తెలుగమ్మాయి, భారత పౌరురాలే అయినా, అమెరికా లెక్కలో కువైట్ వరసలో నిలబడుతుంది. ఆ వరస మనదానితో పోలిస్తే చాలా చిన్నది. భర్త అలాంటి దేశంలో పుట్టినా భార్య ఆ వరసను వాడుకోవచ్చు. గల్ఫ్‌తో దశాబ్దాల బంధమున్న కడప, గోదావరి, కరీంనగర్ ప్రాంతాల కుటుంబాలు జనన ధ్రువపత్రం ఒకసారి తీసి చూసుకోవాలి.

మిగిలినవారు అమెరికాను మరిచిపోవాలా? అక్కర్లేదు. దాన్నొక్కదాన్నే నమ్ముకుని కూర్చోకూడదు, అంతే. పిటిషన్ ఒకసారి ఆమోదం పొందాక, తర్వాత యజమాని మారినా మొదటి తేదీని సాధారణంగా నిలుపుకోవచ్చు. ఆ తేదీని అలా ఉంచి, ఈలోగా మరో దేశంలో పనిచేసుకోవచ్చు.

బ్రిటన్: త్వరగా లోపలికి, కదిలే గడియారం

బ్రిటన్‌లో రిజిస్టరైన విదేశీ నర్సుల్లో మిగతా ఏ దేశంకన్నా మన దేశంలో చదివినవారే ఎక్కువ. నర్సింగ్ మండలి పెట్టే కంప్యూటర్ పరీక్ష ఇక్కడే రాయొచ్చు. ఇంగ్లిష్‌లో ఐఈఎల్‌టీఎస్ అయితే చదవడం, వినడం, మాట్లాడటంలో 7, రాయడంలో 6.5 రావాలి. వైద్యరంగం వారి కోసమే ఉన్న ఓఈటీ పరీక్ష కూడా చెల్లుతుంది. ఆపైన ఆసుపత్రి స్పాన్సర్‌షిప్‌తో 'హెల్త్ అండ్ కేర్ వర్కర్' వీసా. ఇది 2020 ఆగస్టులో మొదలైంది. అక్కడికి వెళ్లాక ఆస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష నెగ్గితే పూర్తిస్థాయి నర్సు. జీవిత భాగస్వామినీ పిల్లల్నీ వెంట తీసుకెళ్లవచ్చు. ఆరోగ్య సర్‌ఛార్జీ మినహాయింపూ ఉంది.

చాలా కుటుంబాలు 'అయిదేళ్లు ఓపిక పడితే శాశ్వత నివాసం' అనే లెక్కతో బయల్దేరాయి. 2025 మేలో అక్కడి ప్రభుత్వం ఒక శ్వేతపత్రం తెచ్చి ఆ అయిదేళ్లను పదేళ్లు చేయాలని ప్రతిపాదించింది. అదే ఏడాది నవంబరులో ఇచ్చిన సంప్రదింపుల పత్రంలో నిర్దిష్టమైన ప్రజాసేవా ఉద్యోగాలకు గడువు తగ్గించే ఆలోచనా చేసింది. అందుకే ఎవరో చెప్పింది నమ్మకుండా, బయల్దేరే ముందు ఆ ప్రభుత్వ వెబ్‌సైట్లో ఉన్న నిబంధనే చదువుకోవాలి. సాధారణంగా శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసే రోజు అమల్లో ఉన్న నిబంధనే లెక్కకొస్తుంది. విమానం ఎక్కిన రోజు ఉన్నది కాదు. ప్రయాణం మధ్యలో గమ్యం దూరం జరగొచ్చన్నది ఈ దారిలో ఉన్న అసలు జాగ్రత్త.

ఉద్యోగాలూ మునుపటంత విరివిగా లేవు. 2025 మార్చితో ముగిసిన ఏడాదిలో విదేశాల్లో చదివి అక్కడి రిజిస్టర్‌లో కొత్తగా చేరినవారి సంఖ్య అంతకుముందు ఏడాదితో పోలిస్తే సుమారు 30 శాతం తగ్గింది.

కేర్ వర్కర్ వీసా నేర్పిన పాఠం

బ్రిటన్ పేరెత్తితే ఈ సంగతి చెప్పుకోక తప్పదు. వృద్ధాశ్రమాల్లో, ఇళ్లలో పెద్దవారిని చూసుకునే కేర్ వర్కర్లకు 2022 ఫిబ్రవరిలో అదే వీసా తలుపు తెరిచారు. నర్సింగ్ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, వృత్తి పరీక్షలు లేవు. ఇంగ్లిష్‌లో 7 రానివారికి అది వరంలా కనిపించింది. లక్షల రూపాయలు దళారుల చేతిలో పోసి వెళ్లినవారున్నారు. వెళ్లాక కొందరికి చెప్పినన్ని గంటల పని లేదు. కొన్నిచోట్ల పేరుకే సంస్థ.

2024 మార్చి 11 నుంచి కొత్తగా వచ్చే కేర్ వర్కర్లు కుటుంబాన్ని తెచ్చుకోకూడదన్నారు. 2025 జులై 22 నుంచి విదేశాల నుంచి కొత్తవారిని తీసుకోవడమే ఆపేశారు. 2022 జులై నుంచి 2024 డిసెంబరు దాకా ఈ రంగంలో 470కి పైగా సంస్థల స్పాన్సర్ లైసెన్సులు రద్దయ్యాయని అక్కడి ప్రభుత్వమే ప్రకటించింది. స్పాన్సర్ పోతే సాధారణంగా 60 రోజుల్లో మరొకరిని వెతుక్కోవాలి, లేదా దేశం వదలాలి.

పాఠమేమిటంటే, మొదటి గడప దాటకుండా రెండోది దాటినవారికి చేతిలో వృత్తి ఉండదు. నర్సుగా రిజిస్టరైన మనిషికి ఒక ఆసుపత్రి వద్దంటే మరో ఆసుపత్రి ఉంటుంది. ఆ రిజిస్ట్రేషన్ లేనివారికి స్పాన్సరే సర్వస్వం.

ఐర్లండ్, జర్మనీ: ఒకచోట పర్మిట్, ఇంకోచోట భాష

పక్కనే ఉన్న ఐర్లండ్‌లో నర్సులకు క్రిటికల్ స్కిల్స్ పర్మిట్ ఇస్తారు. దాదాపు రెండేళ్లయ్యాక 'స్టాంప్ 4' అనే అనుమతికి దరఖాస్తు చేసుకోవచ్చు. అది వస్తే ప్రతిసారీ పర్మిట్ కోసం యజమాని మీద ఆధారపడక్కర్లేదు. 2024 సెప్టెంబరులో అమల్లోకి వచ్చిన చట్టంతో తొమ్మిది నెలలయ్యాక యజమానిని మార్చుకునే వీలూ వచ్చింది. చిన్న దేశం కాబట్టి ఖాళీలు తక్కువ, ఇళ్ల అద్దెలు ఎక్కువ.

జర్మనీకి నర్సుల అవసరం బాగా ఉంది. ఐఈఎల్‌టీఎస్ బెడద లేదు. దాని బదులు జర్మన్ భాష నేర్చుకోవాలి. సాధారణంగా బీ1 స్థాయితో వెళ్లవచ్చు, పూర్తి గుర్తింపుకు బీ2 కావాలి. ఓనమాల నుంచి బీ2 దాకా అంటే నెలల తరబడి రోజూ గంటలకొద్దీ కూర్చోవాల్సిన చదువు. అక్కడి అధికారులు మన పట్టాను తమ చదువుతో పోల్చి ఏమేం లోటున్నాయో రాసిస్తారు. ఆ లోటు తీర్చుకోవడానికి ఆసుపత్రిలోనే శిక్షణ పొందాలి, లేదా పరీక్ష రాయాలి. అంతవరకూ సహాయకురాలి హోదా, తక్కువ జీతం. ఇక్కడ ఐసీయూలో పదేళ్లు చేసిన సీనియర్ నర్సుకు ఆ నెలలు మనసుకు కష్టంగానే గడుస్తాయి.

కానీ స్థిరపడే లెక్క జర్మనీలో స్పష్టంగా ఉంది. 2023 నవంబరు నుంచి అమల్లోకి వచ్చిన మార్పులతో, నిపుణ ఉద్యోగిగా మూడేళ్లు పనిచేసి, 36 నెలల పింఛను చందా కట్టి, బీ1 భాష ఉన్నవారు శాశ్వత నివాసం అడగవచ్చు. 2024 జూన్ నుంచి పౌరసత్వానికి గడువు అయిదేళ్లయింది. మొదట్లో కష్టపడితే తర్వాత దారి సాఫీ అన్నమాట.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడా: ముందే శాశ్వతం

ఈ మూడు దేశాల్లో శాశ్వత నివాసం చేతపట్టుకునే దిగే అవకాశం ఉంది. ఆస్ట్రేలియాలో 189, 190 నంబర్ల వీసాలు మొదటిరోజు నుంచే శాశ్వతం. వయసు 45 లోపు ఉండాలి, కనీసం 65 పాయింట్లు రావాలి. వయసు, ఇంగ్లిష్, చదువు, అనుభవం అన్నింటికీ పాయింట్లుంటాయి. 491 వీసా మాత్రం అయిదేళ్ల తాత్కాలికం. పెద్ద నగరాలకు దూరంగా ఉన్న ప్రాంతాల్లో మూడేళ్లు గడిపి, షరతులు నెరవేరిస్తే శాశ్వతానికి మారొచ్చు. రిజిస్ట్రేషన్‌కు మనవారు చాలామంది ఎన్‌క్లెక్స్ రాసి, ఆపైన అడిలైడ్ వెళ్లి ఆస్కీ ఇవ్వాలి. అమెరికా కోసం రాసిన పరీక్ష ఇక్కడా అక్కరకొస్తుందన్నమాట. 2025లో ఇంకో దగ్గరి దారీ తెరిచారు. బ్రిటన్, ఐర్లండ్, అమెరికా, సింగపూర్ వంటి కొన్నిచోట్ల రిజిస్టరై, 2017 నుంచి 1,800 గంటలు పనిచేసినవారికి ఆ పరీక్షల అవసరం లేకుండా చేశారు. బ్రిటన్‌లో కదిలే గడియారాన్ని చూసి విసిగినవారు ఇటు చూడటానికి ఇదో కారణం.

న్యూజిలాండ్ 2022 డిసెంబరులో రిజిస్టర్డ్ నర్సులను 'స్ట్రెయిట్ టు రెసిడెన్స్' జాబితాలో చేర్చింది. రిజిస్ట్రేషనూ గుర్తింపు పొందిన యజమాని ఇచ్చే ఉద్యోగమూ ఉంటే నేరుగా నివాస వీసాకే దరఖాస్తు. వయసు 55 దాకా పర్వాలేదు. అయితే 2024లో అక్కడే చదివిన కొత్త నర్సుల్లో చాలామందికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉద్యోగాలు దొరకలేదు. వీసా తలుపు తెరిచి ఉన్నంత మాత్రాన ఆసుపత్రి తలుపు తెరిచి ఉండాలని లేదు.

కెనడాలో తిరకాసు వేరే. 2023 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఆరోగ్యరంగం వారిని ప్రత్యేకంగా పిలుస్తున్నారు. ఇక్కడ ఉండగానే శాశ్వత నివాసం రావచ్చు. కానీ నర్సుగా పనిచేయాలంటే ఆయా ప్రావిన్సు మండలి లైసెన్సు ఇవ్వాలి. అది రాక, వచ్చేదాకా ఆసుపత్రుల్లో సహాయకులుగా చేసిన విదేశీ నర్సులు ఎందరో. మూడో గడప ముందే దాటేసి మొదటి గడప దగ్గర ఆగిపోవడం అంటే ఇదే. దేశంలో స్థిరపడ్డారు, వృత్తిలో స్థిరపడలేదు. కాబట్టి కెనడా వెళ్లేవారు లైసెన్సు పనులు ఇక్కడి నుంచే మొదలెట్టాలి.

గల్ఫ్ సంగతి

సౌదీ, ఎమిరేట్స్, ఖతార్, కువైట్ జీతానికి మంచివి, దగ్గరివి. శాశ్వత నివాసానికి మాత్రం కావు. దుబాయ్ 2025లో తన ప్రభుత్వ ఆరోగ్య సంస్థలో 15 ఏళ్లు దాటి పనిచేసిన నర్సులకు గోల్డెన్ వీసా ప్రకటించింది కానీ అది పదేళ్ల వీసా, పౌరసత్వం కాదు. అయినా పెద్ద ఆసుపత్రిలో రెండు మూడేళ్ల అనుభవం, అప్పు లేకుండా పరీక్షలు రాసుకునే డబ్బు- ఈ రెండింటి కోసం గల్ఫ్‌ను మొదటి మెట్టుగా వాడుకున్నవారు తెలివైనవారే.

ఒక ఇంటి లెక్క

ఉదాహరణకు ఒక ఇల్లు. భార్యకు 29, హైదరాబాద్‌లో ఓ ఆసుపత్రి ఐసీయూలో ఆరేళ్ల అనుభవం. భర్త ప్రైవేటు ఉద్యోగి. పాపకు నాలుగేళ్లు. ఊళ్లో అత్తమామలు, రెండెకరాల పొలం. ఈ ఇంటికి ఏది మంచిది?

భార్య ఇంగ్లిష్‌లో గట్టిగా ఉంటే ఎన్‌క్లెక్స్‌తో మొదలెట్టడం మేలు. ఒక్క పరీక్షతో అమెరికా, ఆస్ట్రేలియా, కెనడా మూడు దారుల్లోనూ అడుగు పడుతుంది. పాప వయసు చూస్తే అమెరికా వరసను ఒక్కదాన్నే నమ్ముకోవడం ప్రమాదం. ఆస్ట్రేలియాకు వయసు పాయింట్లు కలిసొస్తాయి. 33 ఏళ్లు నిండితే ఆ పాయింట్లు తగ్గుతాయి కాబట్టి 'వచ్చే ఏడాది చూద్దాం' అనుకోవడానికి లేదు. ఇంగ్లిష్ కన్నా కొత్త భాషే నయమనిపిస్తే జర్మనీ. అప్పుడు భర్త కూడా అదే రోజు నుంచి జర్మన్ నేర్చుకోవాలి. లేకపోతే అక్కడ ఆయన ఇంట్లోనే కూర్చోవాల్సి వస్తుంది. నర్సు జీతంతో వెళ్లిన చాలా ఇళ్లలో తొలి తగాదా మొదలయ్యేది ఇక్కడే. వీసా ఆమెదే కావచ్చు. వలస మాత్రం ఇద్దరిదీ.

జీఎన్‌ఎం చదివినవారికి లెక్క కాస్త మారుతుంది. బ్రిటన్ రిజిస్ట్రేషన్‌కు ఆ డిప్లొమాతో వెళ్లినవారున్నారు. ఆస్ట్రేలియా వంటిచోట్ల డిగ్రీ స్థాయి చదువు అడుగుతారు. అటువంటివారికి రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ వృథా కాదు.

అత్తమామల సంగతీ ఈ లెక్కలోదే. శాశ్వత నివాసం వచ్చాక కూడా ఎక్కువకాలం బయట ఉంటే అది నిలవదు. కెనడాలో అయిదేళ్లలో కనీసం 730 రోజులు ఉండాలి. అమెరికా గ్రీన్‌కార్డు ఉన్నవారు ముందస్తు అనుమతి లేకుండా ఏడాదికి మించి బయట ఉంటే తిరిగి రావడం కష్టమవుతుంది. ఊళ్లో పెద్దాయన మంచాన పడితే ఎన్నాళ్లు వచ్చి ఉండగలరో ముందే తెలిసుండాలి. పౌరసత్వం తీసుకుంటే భారత పౌరసత్వం వదులుకోవాలి. ఓసీఐ కార్డుతో రాకపోకలకు ఇబ్బంది లేదు. వ్యవసాయ భూమి మాత్రం కొనలేరు. వారసత్వంగా వచ్చింది ఉంచుకోవచ్చు.

ఇంటిపేరు ముందా వెనకా?

చదువూ పరీక్షలూ అన్నీ అయ్యాక మనవాళ్ల ఫైళ్లు ఆగే చోటు ఒకటుంది. అది పేరు. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది. నర్సింగ్ పట్టాలో పూర్తిగా రాసి ఉంటుంది. పాస్‌పోర్టులో వెనక్కి వెళ్తుంది. పెళ్లయ్యాక కొందరికి ఇంకో ఇంటిపేరు. నాలుగు కాగితాల్లో నాలుగు పేర్లుంటే అవన్నీ ఒకే మనిషివని విదేశీ అధికారికి ఎలా తెలుస్తుంది? ముందు పాస్‌పోర్టులో ఉన్నట్టుగా మిగతావన్నీ సరిచేయించుకోవాలి. కుదరనిచోట 'ఇద్దరూ ఒకరే' అనే అఫిడవిట్ సిద్ధంగా పెట్టుకోవాలి.

రెండోది కౌన్సిల్ పని. చాలా దేశాలు అభ్యర్థి పంపిన నకళ్లను ఒప్పుకోవు. చదివిన కాలేజీ, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ నేరుగా ధ్రువీకరించాలి. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణకూ ఆంధ్రప్రదేశ్‌కూ వేర్వేరు కౌన్సిళ్లున్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో రిజిస్టరై, ఇప్పుడు రెండో రాష్ట్రంలో పనిచేస్తున్నవారు తమ నమోదు ఏ కౌన్సిల్‌లో ఉందో, గడువు తీరకుండా ఉందో లేదో ముందే చూసుకోవాలి. మూడోది అనుభవ పత్రం. ఏ వార్డులో, ఎన్ని పడకలు, వారానికి ఎన్ని గంటలు అన్నది అందులో ఉండాలి. ఉద్యోగం మానేసేరోజు మొహమాటపడి తీసుకోకపోతే, నాలుగేళ్ల తర్వాత ఆ సూపరింటెండెంట్ ఎక్కడున్నారో వెతుక్కోవాలి.

సంతకానికి ముందు

మన దేశపు 1983 వలసల చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటుకు కేంద్ర విదేశాంగ శాఖ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో చూడవచ్చు. అభ్యర్థి నుంచి తీసుకోదగ్గ సేవా రుసుము గరిష్ఠంగా రూ.30,000, దానిపై జీఎస్టీ. అంతకుమించి 'ప్యాకేజీ' అంటే ఆగి ఆలోచించాలి. గల్ఫ్ సహా కొన్ని దేశాలకు నర్సుల నియామకాలు అనుమతి పొందిన ప్రభుత్వ సంస్థల ద్వారా జరగాలని 2015లో కేంద్రం నిబంధన తెచ్చింది. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ అలాంటి ప్రభుత్వ సంస్థలే. మొదట అక్కడ విచారించడానికి ఖర్చేమీ లేదు.

ఇక ఒప్పంద పత్రం. ఇంట్లో చదువుకున్నవారు ఎవరున్నా సరే, దాన్ని పక్కన కూర్చుని మొత్తం చదవాలి. చూడాల్సినవి ఇవి: వారానికి ఎన్ని గంటల పని, మొదటి నెల జీతం ఎంత? రిజిస్ట్రేషన్ వచ్చేదాకా ఒక జీతం, వచ్చాక ఒక జీతమా? మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, ఆ మొత్తం ఏటా తగ్గుతుందా? పరీక్ష తప్పితే మళ్లీ అవకాశం ఇస్తారా, ఖర్చెవరిది? ఉద్యోగం పోతే ఇంకొకటి వెతుక్కోవడానికి ఆ దేశం ఎన్ని రోజులిస్తుంది? భర్తకు పనిచేసే హక్కుందా? చివరగా, శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోగల మొదటి తేదీ ఏది?

ఈ చివరి ప్రశ్నకు సంవత్సరంతో సహా జవాబు చెప్పలేని ఏజెంటు, అమ్ముతున్నది ప్రయాణాన్నే. జవాబు దొరికితే ఆ సంవత్సరాన్ని ఒక కాగితం మీద రాసి, పక్కన ఆ ఏటికి పాప వయసెంతో, అమ్మానాన్నల వయసెంతో, అప్పు ఎంత మిగిలి ఉంటుందో రాసుకోవాలి. ఏ దేశానికి వెళ్లాలో, అసలు వెళ్లాలో లేదో, ఆ అంకెలు పక్కపక్కన పెట్టి చూశాకే తేల్చుకోవాలి.